విడిచిన బోగదాలోనికి అడుగిడవచ్చునా?

ప్రవేశవాది: రైళ్ళ రాకపోకలు నిలిచి అనేక సంవత్సరములైన బోగదా యొకటి ఏ పల్లెపట్టుననో కొండక్రింద పడియున్నదని విన్నంతనే, దాని ముఖద్వారము వరకు నడచిపోయి, లోనికి దీపము చూపి, వీలుపడునేని ఆ కొస వరకు పోయి రావలెనని మనుష్యునకు పుట్టెడు కోరికను వట్టి తుంటరితనమని త్రోసివేయుట న్యాయము కాదు. ఇంగ్లండునందు యార్క్‌షైరు సీమలో, హాలిఫాక్సు బ్రాడ్‌ఫర్డు పట్టణముల నడుమ, క్వీన్స్‌బరీ అను నూరు గట్టుమీద నున్నది. ఆ గట్టుక్రింద గ్రేట్ నార్తరన్ రైల్వే కంపెనీవారు 1874లో త్రవ్వ మొదలిడి 1878లో రైళ్ళు నడపిన బోగదా 2,501 గజముల నిడివి కలది. దానిని తొలుచుటయందు పదిమందికి తక్కువ గాని పనివారు ప్రాణములు కోల్పోయిరి. 1956లో రైళ్ళు నిలిచిపోయినవి. దేవాలయమును గాని కోటను గాని వెలుపలినుండి చూచియైనను కొంత గ్రహింపవచ్చును. బోగదాకు ముఖద్వారపు రాతికమాను తప్ప వెలుపలి రూపమే లేదు. ఇటుక వరుసలు, గాలిబావులు, రైలు వచ్చునప్పుడు గ్యాంగుకూలీలు ఒదిగి నిలుచుటకై గోడలో విడిచిన గూళ్ళు, వాని మీద పేరుకొన్న ఆవిరియింజనుల మసి, ఇవన్నియు లోపలివే. లోనికి పోరాదనుట దానిని చూడనే రాదనుటతో సమానము.

నిషేధవాది: కోరికను నేను నిందింపను. ఆ కోరిక లేనివాడు బోగదాను త్రవ్వియు నుండడు. అయితే మీరు చూడబోవునది 1878 నాటి బోగదా కాదు. రైళ్ళు నడచిన కాలమున దానిని నిలిపిన వస్తువు ఇటుకయు సున్నమును మాత్రమే కాదు, దినదినమును లాంతరు పట్టుకొని నడచి, సుత్తితో గోడను తట్టి, బోలుశబ్దము వినవచ్చిన చోట గుర్తుపెట్టి, ఊడిన ఇటుకను మరల పొదిగిన మనుష్యుల పరిశ్రమ కూడను. రైలుతోపాటు ఆ పరిశ్రమయు వెడలిపోయినది. నీరు మాత్రము తన పనిని మానలేదు. అది కొండలోనుండి ఊటగా దిగి, ఇటుకల సందుల సున్నమును కరగించి కొనిపోవును. ముఖద్వారములకు సమీపమున, చలిదేశములందు, అదే నీరు గడ్డకట్టి ఇటుకల మొగములను పెళ్ళలుగా విరుగగొట్టును. బీటలను మసి కప్పివేయును. గాలిబావి వచ్చి బోగదా కప్పుతో కలియు చోట, బావిగోడ బరువంతయు కమానుమీద మోపబడియుండును గనుక, అచ్చటి బలహీనత అన్నిటికంటె ప్రమాదకరము. చూడవచ్చినవాడు ఆకాశపు వెలుగు కనబడుచున్నదని ఆగి తలయెత్తి నిలుచునది సరిగా అచ్చటనే. మీరు పేర్కొన్న క్వీన్స్‌బరీలోనే లోపలి ఇటుకపొర కొన్నిచోట్ల కూలిపడినది. దక్షిణపు కొసను, హోమ్‌ఫీల్డు దెస, రైలుదారి నడచిన కోతను పూడ్చివేయగా నీటికి పోవు దారి లేక బోగదాలోనే నిలిచినది. నల్లని నిలువనీటి అడుగున ఏమున్నదో దీపము చూపదు.

ప్రవేశవాది: ఇవన్నియు సత్యములే. వీనికి మీరు చెప్పని మరియొకదానిని నేనే చేర్చెదను: ఆ కొండ బొగ్గుపొరలు గలది, గాలి కదలని మూలలందు ప్రాణవాయువు తరిగి బొగ్గుపులుసు వాయువు పెరుగుట బొగ్గుసీమలన్నిట ఎరిగిన విషయము, ముక్కునకు వాసన తగులక, కంటికి కనబడక, మోకాళ్ళ సత్తువను ముందుగా హరించు శత్రువది. ఒంటరిగా పోవువాడును, ఒకే దీపముతో పోవువాడును, తాను పోయిన చోటు ఎవరికిని చెప్పక పోవువాడును మూఢులని ఒప్పుకొందును. కాని ప్రమాదమున్నదను మాట ఒక్కటియే నిషేధమునకు చాలినంత హేతువగునేని, పర్వతారోహణమును, సముద్రయానమును, గుహాన్వేషణమును గూడ మాన్పింపవలసివచ్చును. మనుష్యుడు తన శరీరమును తాను ఎరిగిన ఆపదకు ఒడ్డుట అతని స్వాతంత్ర్యములోనిది; ఆపదను ఎరిగించుట మీ ధర్మము, ఎరిగిన పిమ్మట నిర్ణయించుకొనుట నాది. పైగా విడిచిన బోగదాలోనికి పోవుటవలన కలుగు ఫలము వినోదమొక్కటియే కాదు. 1970 ప్రాంతముల కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఆ క్వీన్స్‌బరీ బోగదాలోనే సూక్ష్మయంత్రములను నిలిపి, చంద్రసూర్యుల ఆకర్షణచేత సముద్రము వలెనే ఘనభూమియు ఎంతెంత సాగి ముడుచుకొనుచున్నదో కొలిచిరి. రైళ్ళ అదురు లేదు, ఎండవానల మార్పు లోపలికి చేరదు. నిరుపయోగమని విడిచిన బోగదాయే భూమి చలనమును వినుటకు యోగ్యమైన స్థలమైనది.

నిషేధవాది: ఆ శాస్త్రజ్ఞులు అనుమతి పొంది, పని నెరిగి, ఏమి కొలువవలెనో నిశ్చయించుకొని పోయిరి. వారిని మీ పక్షమున సాక్షులుగా పిలువజాలరు. కంచె దూకినవానికిని వారికిని గల భేదమే మన వివాదము. మీ శరీరము మీదియే, కాని ఆపద మీతోనే ఆగునా? లోపల కాలు విరిగి పడినవాని కొరకు రక్షకదళమువారు అదే నీటిలోనికి, అదే గాలిలోనికి, అదే వదులైన కప్పుక్రిందికి దిగవలెను. వారికి మీరు చెప్పిన స్వాతంత్ర్యము లేదు. పోమనిన చోటికి పోవుట వారి వృత్తి. ఇంకొక సంగతి చెప్పెదను. మాంచెస్టరు దాపున స్వింటన్ అను చోట క్లిఫ్టన్ హాల్ బోగదా యుండెను. అది 1953 నాటికింకను వాడుకలో నున్నదే. త్రవ్వుకాలమున దించి, పని ముగిసిన పిమ్మట పూడ్చి, మీద ఇండ్లు కట్టబడి, ఎల్లరును మరచిపోయిన బావి యొకటి దాని కప్పుపైన ఉండెను. 1953 ఏప్రిల్‌లో కప్పునుండి కొన్ని ఇటుకలు రాలుట కనుగొని మరమ్మతు యోచించుచుండగానే, 28వ తేదీన ఆ బావిలోని పూడికయంతయు ఒక్కసారిగా బోగదాలోనికి జారిపోయి, పైనున్న ఇండ్లు దానితో కుంగి, అందు నిద్రించుచున్నవారిలో అయిదుగురు మరణించిరి. తనిఖీ గల బోగదా గతి అది. తనిఖీ లేనిదాని కప్పునందు ఏ బావి దాగియున్నదో, మీరు నడచునప్పుడు అది ఏ స్థితిలో నున్నదో, మీరెట్లు ఎరుగుదురు? ఎరిగిన ఆపదకు ఒడ్డుకొందునంటిరి. ఇది ఎరుగని ఆపద.

ప్రవేశవాది: మీరు చూపిన దృష్టాంతమే నా వాదమునకు మూలాధారము. ఆ అయిదుగురు బోగదాలోనికి పోయినవారు కారు. తమ ఇంట పడుకొనియుండినవారు. వారి యడుగున అట్టి బావి యొకటి కలదను సమాచారము మరమ్మతు చూడవచ్చినవారి చేతిలో లేకుండుటయే వారిని చంపినది. ఎవరును చూడని బోగదా నిరపాయమైన బోగదా కాదు, దాని అపాయము ఎవరికిని తెలియని బోగదా మాత్రమే. తాళము వేసిన ఇంటి కప్పు కురియక మానదు. చూచువాడు లేడు గనుక కురియుచున్నదని తెలియదు, అంతియే. నేడు విడిచిన బోగదాలను గూర్చి సామాన్యులకు తెలిసినదానిలో గొప్పభాగము, సెలవుదినములందు దీపములు కట్టుకొని పోయి, అడుగడుగునను ఛాయాచిత్రములు తీసి, నిరుడు లేని బీట ఈయేడు కనబడినదని వ్రాసిపెట్టిన ఔత్సాహికుల వలననే కదా తెలిసినది! క్వీన్స్‌బరీని శాశ్వతముగా మూసివేయుటకు దాని నిర్వహణాధికారులు 2019లో బ్రాడ్‌ఫర్డు పురపాలకసంఘమును అనుమతి కోరగా, వేలకొలది జనులు ఆక్షేపణలు వ్రాసిరి. మూయవలదు, బాగుచేసి సైకిళ్ళ బాటగా నొసగుడనిరి. తాము గాని, తాము నమ్మినవారు గాని చూచి చెప్పని వస్తువు కొరకు జనులు అంత వ్రాయుదురా?

నిషేధవాది: ఆ మాట నన్ను తాకినది, దానిని తప్పించుకొనను. తలుపు బిగించి పోయిన అధికారి, బిగించితినను ధైర్యముచేతనే, లోపలి సంగతి మరచుట కలదు. మరచిన వస్తువును పూడ్చుట సులభము, ప్రేమింపబడిన వస్తువును పూడ్చుట కష్టము. అంతవరకు మీదే న్యాయము. కాని మీ ఔత్సాహికుడు వ్రాసిన వ్రాతకు ఇంకొక ఫలము కూడ కలదు. జాగ్రత్తపరుడొకడు పోయి, అందమైన చిత్రమొకటి తెచ్చి చూపగా, జాగ్రత్తయెరుగనివారు అనేకులు బయలుదేరుదురు. మొదటివాడు గోడను ముట్టడు. వెనుకటివారిలో ఒకడు పేరు చెక్కును, ఒకడు నెగడు రాజవేయును, ఒకడు గూటిలోని పాతలాంతరు కొక్కెమును పెరికి యింటికి కొనిపోవును. మరియు ఆ చీకటి మనుష్యులు లేనిదే గాని ప్రాణులు లేనిది కాదు. చలికాలమున గబ్బిలములు దేహపు వేడిని తగ్గించుకొని, శరత్కాలమున కూర్చుకొన్న క్రొవ్వునే పొదుపుగా ఖర్చు చేయుచు, వసంతము దాక నిద్రించును. దీపము వెలుగునకో మాటల సందడికో ఒకమారు మేల్కొన్నచో, మరల దేహమును వేడి చేసికొనుటకు అనేకదినముల క్రొవ్వు వ్యయమగును. పలుమారులు మేల్కొన్నది వసంతమును చూడదు. అమెరికాలో 2006లో న్యూయార్కు రాష్ట్రపు గుహలలో తొలుత కనబడిన శ్వేతనాసికారోగము లక్షలకొలది గబ్బిలములను చంపినది. దానికి కారణమైన బూజు ప్రధానముగా గబ్బిలమునుండి గబ్బిలమునకే ప్రాకునను, మనుష్యుల బట్టలకును చెప్పులకును అంటుకొని ఒక గుహనుండి మరియొక గుహకు పోగలదను భయముచేత, అచ్చటి అధికారులు అనేక గుహలను, పాతగనులను మూసివేసిరి. గబ్బిలము మీ స్వాతంత్ర్యవాదమునకు సమ్మతి తెలుపలేదు.

ప్రవేశవాది: గబ్బిలముల విషయమున నేను వాదింపను. అవి నిద్రించు నెలలలో నే బోగదాలోనికిని పోరాదు, పోయినను దీపము వాని మీదికి త్రిప్పరాదు. కాని మనుష్యసంచారమును ప్రాణిసంరక్షణమును ఒకచోట ఇముడనే యిముడవనుట అతివాదము. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్సు నందు, న్యూన్స్ అను చోట రాతినుండి నూనె తీయు కర్మాగారము కొరకు వేసి, 1932లో విడిచిన రైలుదారి యొకటి కలదు. దాని బోగదాలలో ఒకదాని తేమగోడల మీద నీలిపచ్చని వెలుగు నీను క్రిములు కాపురముండుటచే దానికి ఆ క్రిముల పేరే నిలిచినది. అది నేడు జాతీయవనములోనిది. జనులు పోవుచునే యున్నారు. లోపలికి పోయిన పిమ్మట దీపము లార్పి, సద్దు చేయక, గోడలు ముట్టక నిలువుడని వారికి చెప్పుదురు. ఇంగ్లండుననే బాత్ నగరము చెంత కూమ్ డౌన్ బోగదాను చూడుడు: 1874లో తెరవబడి, 1966లో మూయబడి, అర్ధశతాబ్ది చీకటిలో నుండి, 2013లో పాదచారులకును సైకిళ్ళకును మరల తెరవబడినది. 1,829 గజములు, పసిపిల్లలు సయితము నడచిపోవుచున్నారు.

నిషేధవాది: కూమ్ డౌన్ పేరు మీరెత్తుదురని ఎదురుచూచుచుంటిని. ఆ బోగదా ఇరుకైనది, ఒంటిదారిది, గాలిబావి ఒక్కటియు లేనిది. 1929 నవంబరు 20న సరుకుల బండి యొకటి మెల్లమెల్లగా ఎక్కుచు అందులో ప్రవేశింపగా, పొగ నిండి డ్రైవరును ఫైర్‌మనును స్పృహ తప్పిరి. నడపువాడు లేని బండి ఆవలి పల్లమున వడి పెంచుకొనుచు బాత్ యార్డులోనికి దూకి బోల్తాపడగా, డ్రైవరును, యార్డులో నుండిన మరి యిద్దరును మరణించిరి. అట్టి బోగదా పసిపిల్లలు నడువదగినదెట్లయ్యెను? ముందు ఇటుకపొరను పరీక్షించిరి, బాగుచేసిరి, నేల చదును చేసిరి, దీపములు పెట్టిరి, రాత్రివేళ మూయు నియమము చేసిరి. ఆ పిమ్మటనే జనులను పిలిచిరి. మొదట మరమ్మతు, తరువాత ప్రవేశము: నా వాదమంతయు ఆ క్రమమే. నేను చీకటిని శాశ్వతముగా మూయుమనలేదు. వుడ్‌హెడ్డున 1954లో తెరిచిన మూడవ బోగదాలో 1981లో రైళ్ళు నిలువగా, నేడు విద్యుత్తు కేబుళ్ళు పోవుచున్నవి. 1966లో మూసిన కేట్స్‌బీ బోగదా రెండున్నర కిలోమీటర్లకు మించి ఒకే తిన్నని గీతగా నుండుటచే, నేడందు మోటారుకార్ల గాలి నిరోధమును కొలుచుచున్నారు. బోగదాకు రెండవ జన్మ కలదు. దానిని ప్రసాదించునది బాధ్యతగల చేయి. సత్యము చెప్పుడు: దీపములు పెట్టి, నేల చదును చేసి, మంచిగాలి నిలిపిన బోగదాలో నడచుటకు మీ హృదయము నిజముగా ఉవ్విళ్ళూరుచున్నదా?

ప్రవేశవాది: లేదు. ఆ ప్రశ్నకు వేరొక సమాధానము చెప్పిన కపటమగును. చదునైన బాటమీద నాకు కలుగునది సంతోషము. పాడువడిన బోగదాలో కలుగునది వేరొకటి. అచ్చట ఎవరును నాకొరకు ఏదియు సిద్ధపరుపలేదు. ఇది చూడుమని బోర్డు లేదు, ఇచ్చట నిలువుమని గీత లేదు. మనుష్యుని పరిశ్రమయు కొండ బరువును ఒకదానితో నొకటి పెనగులాడుచుండగా నేను నడుమ నిలిచియుందును. బాగుచేసిన బోగదాలో ఆ పెనగులాట ముగిసిపోయినది, మనుష్యుడు గెలిచినాడు. పూడ్చిన బోగదాలో కొండ గెలిచినది. మధ్యకాలమున మాత్రమే రెండును కనబడును. ఇది స్వార్థమనుడు, ఒప్పుకొందును. కాని ఒక మాట. బాత్ పౌరులకు దొరికిన అదృష్టము విడిచిన ప్రతి బోగదాకును దొరకదు. ధనము చాలదు, నగరము దాపున నుండదు, దాని మీదుగా బాట వేసిన నడచువారుండరు. మీ క్రమము చొప్పున మొదట మరమ్మతు కావలెను; మరమ్మతు ఎన్నటికిని కాని చోట మీ క్రమమునకును శాశ్వతనిషేధమునకును భేదమేమి?

నిషేధవాది: భేదము చిన్నదే, లేదనను. మన దేశమునకు రండు. నల్లమల అడవిలో నంద్యాల గిద్దలూరుల నడుమ పూర్వము మీటరుగేజి రైలు నడచిన పాతబోగదా కలదు. 1990 తరువాతి దశకమున బ్రాడ్‌గేజి వేయునప్పుడు దారి మరియొక పొంతగా మరలింపబడి, పాత బోగదాయు, దొరబావి వంతెనయు విడువబడినవి. అది పులులు తిరుగు అడవి. ఆ సీమలోని అభయారణ్యములలోనికి అనుమతి లేక పోరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చెప్పును. రైల్వే ఆవరణలో అనుమతి లేక అడుగిడినవానికి ఆరు నెలల వరకు ఖైదో, వేయి రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని 1989 నాటి రైల్వే చట్టపు 147వ సెక్షను చెప్పును. ఇంగ్లండులో పడినవాని కొరకు గంటలోపల ఎవరైన వత్తురు. ఆ లోయలో ఎవరు వత్తురు? ఊపిరియాడనివాడు వాని స్నేహితుని చేతులమీదనే పోవును.

ప్రవేశవాది: ఆ బోగదాను తొలిచిన కూలీల పేర్లు మీకు తెలియునా? నాకు తెలియవు. కొండకు ఇరువైపులనుండి త్రవ్వుకొని వచ్చి నడుమ కలిసికొనవలసిన పనిని, ఈనాటి యంత్రములు లేని పంతొమ్మిదవ శతాబ్దిలో, జ్వరములు మరగిన ఆ అడవిలో వారెట్లు నెరవేర్చిరో తెలుపు గ్రంథము తెలుగున నేను చదువలేదు. వారు విడిచిపోయిన శాసనము ఆ గోడ యొక్కటియే: ఉలి ఏ దెసనుండి తగిలెనో, రాయి గట్టిదైన చోట కప్పునకు కట్టడమెందుకు మానిరో, మెత్తనిదైన చోట దాని నెంత మందముగా పేర్చిరో ఆ గోడయే చెప్పును. మీరు చట్టము చూపితిరి. చట్టమే అనుమతి యను తలుపునొకటి నిలిపినది కదా. ఆ తలుపు తట్టుటకు నేను సిద్ధముగా నున్నాను. రైల్వేవారికిని అటవీశాఖవారికిని వ్రాసి, ఇంజనీరు నొకని తోడు తీసికొని, గాలి కొలుచు పరికరము పట్టుకొని, పగటిపూట నలుగురు పోయి కొలిచి గీసి వత్తుమని అడిగెదను. అనుమతినిత్తురా?

నిషేధవాది: అట్లడిగిన యెడల ఈయవలెననియే నా అభిప్రాయము. ఇంతటి నియమముతో పోవువానిని ఆపుటకు నా వద్ద హేతువు లేదు. తుదకు నా నిషేధము అడుగక పోవువానికే మిగిలినది.

ప్రవేశవాది: అడిగి, ఏండ్లకేండ్లు ప్రత్యుత్తరము రానివానికో?

నిషేధవాది: ప్రత్యుత్తరము రాకుండుట అనుమతి కాదు.

ప్రవేశవాది: నిషేధమును కాదు, అది కేవలము అలక్ష్యము. చట్టమునకు విధేయుడనగుదును, ఆపదకు తలయొగ్గుదును, గబ్బిలములకు దారి విడుతును. కాని ఒకని బల్లమీద నా లేఖ విప్పబడక పడియుండుటకు నేనేల విధేయుడను కావలెను? ఆ లేఖ పడియున్నంత కాలమును నీరు సున్నమును కరగించుచునే యుండును.

నిషేధవాది: అతని అలక్ష్యమునకు విధేయులు కావలసిన పనిలేదు, మీ వెనుక రాబోవు వానిని తలచి ఆగవలెను. లేఖ వ్రాసి, నిరీక్షించి, విసిగి లోనికి పోయిన మీ వృత్తాంతములో అతడు చదువునది చివరి భాగము మాత్రమే. అతనికి మీ ఇంజనీరు ఉండడు, మీ పరికరము ఉండదు, ఒక దీపముండును. అతడు పడిన నాడు ఆ బోగదాను పూడ్చవలెనను వారికి అంతకంటె మంచి కారణము దొరకదు. మీ ప్రేమయే దానికి మన్ను మోసినదగును.

ప్రవేశవాది: నే నాగితిననుడు, నావంటివారందరును ఆగిరనుడు. కప్పు ఎచ్చట వంగినదో ఎవరును వ్రాయలేదు, ఆక్షేపణ తెలుపుటకు ఎవరికిని విషయమే తెలియదు. ఏ ప్రమాదమును జరుగలేదు, ఒకనాడు మన్నుబండ్లు వచ్చినవి. అప్పుడు దానిని పూడ్చినది మీ జాగ్రత్తయని నేనన్న, ఏమందురు?

నిషేధవాది: కొంత నిజమందును. ఆ మన్నులో మనుష్యుడెవడును లేడని కూడ అందును.